మోచేతి కింద ఎడమచెయ్యి

మొథుసి కవరును ఒంటిచేత్తో అందించాడు. నోట్లో చేపముక్క నలుగుతూనే ఉంది, రెండోచెయ్యి ఫోను మీదే ఉంది. సెథున్య మాత్రం అలవాటుగా కుడిచెయ్యి చాచి, ఎడమచేతి వేళ్లను కుడి మోచేతి కింద ఆనించి, తల కాస్త వంచి అందుకుంది. లోపల ఏముందో చూడకముందే చెయ్యి ఆ పని చేసేసింది. తల్లి అలా పెంచింది. గాబొరోన్‌లో ఏ తల్లయినా అలాగే పెంచుతుంది.

“చదువు. నిదానంగా చదువు. చదివాక గంతులెయ్యకు, పక్క బల్లల వాళ్లంతా మా కస్టమర్లు,” అన్నాడు మొథుసి.

ఆయన కాసినోకి న్యాయ సలహాదారు. యూనివర్సిటీలో సెథున్యకంటే పైక్లాసులో ఉండేవాడు, తర్వాత లండన్ వెళ్లి ఇంకో డిగ్రీ తగిలించుకుని వచ్చాడు. ఇప్పుడు చొక్కా చేతులకు బంగారు బొత్తాలు. వాళ్లు కూర్చున్నది కాసినో హోటల్ భోజనశాలలోనే. అద్దాల తలుపు అవతల జూదపు యంత్రాలు పొద్దున్నా సాయంత్రమా అని చూడకుండా కూనిరాగాలు తీస్తున్నాయి.

ఉపసలహాదారు ఉద్యోగం. జీతం ఉన్న చోట సెథున్య కళ్లు ఆగిపోయాయి. కాగితాన్ని బోర్లా పెట్టింది, మళ్లీ తిప్పి చూసింది.

“అచ్చుతప్పు కాదులే,” అని నవ్వాడు మొథుసి. “ఎన్నాళ్లు చేస్తావు ఆ విడాకులూ, బెయిళ్లూ? తాగి కారు నడిపినవాడి వెనక కోర్టుకు పరిగెత్తడం, వాడు ఫీజు ఎగ్గొడితే వాడింటి వెనక పరిగెత్తడం. ఈ ఊళ్లో వకీళ్లు వీధికి పదిమంది. కాసినో చట్టం తెలిసినవాళ్లు ఎంతమంది? నా చేతివేళ్లే ఎక్కువ. లైసెన్సులు, ఫోన్లో పందేలు, నల్లడబ్బు తనిఖీలు, కొత్త యంత్రాలకు అనుమతులు… విండ్‌హుక్ పో, లుసాకా పో, నైరోబీ పో. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి తల్లీ, లోపలికొచ్చే మనుషులే లేరు.”

నిజం చెప్పాలంటే సెథున్యకు నోరూరింది. ఈ చట్టం మీద ఆమెకు మోజు ఈనాటిది కాదు. ఫీజు ఇచ్చే కేసు ఒక్కటి లేకపోయినా జూదం చట్టాన్ని మొదట్నుంచి చివరిదాకా తనంతట తాను చదువుకుంది. అందుకే ఆ మాటలు చెవిలో తేనెలా పడ్డాయి. చివరికి అడగాల్సిన మాట అడిగింది.

“ఎప్పట్నుంచి చేరాలి?”

“సోమవారం.”

“మంగళవారం జూదం మండలిలో నాకు కేసుంది కదా. మీ కాసినో మీదే.”

“అదెలా కుదురుతుంది? సోమవారం నుంచి నువ్వు మా మనిషివి. మా మనిషి మా మీద ఎలా వాదిస్తుంది?” మొథుసి ఫోర్కుతో గాల్లో చిన్న గీత గీశాడు, కొట్టివేసినట్టు. “మేం తీసేసిన ఆ పిల్లకు ఇంకో వకీలు దొరుకుతాడులే.”

శని, ఆదివారాలు పోతే మిగిలే ఒక్క రోజులో ఏ వకీలు దొరుకుతాడో ఇద్దరికీ తెలుసు. సెథున్య కవరు మడిచి సంచిలో పెట్టుకుంది. ఔననలేదు, కాదనలేదు. దానికి తర్వాత రెండు రోజులు తనను తాను తిట్టుకుంది.

*

ఆమె ఆఫీసు ఆఫ్రికన్ మాల్‌లో ఒక జుట్టు అల్లే దుకాణం మీద ఉంది. అద్దె సగం ఆమెది, సగం ఓతెంగ్‌ది. ఓతెంగ్ విడాకుల వకీలు. దేశంలో మొగుడూ పెళ్లాలూ సఖ్యంగా ఉంటే తనకు పస్తేనని తనే చెప్పుకుంటాడు. శనివారం పొద్దున అతను నూనె కారే కాగితంలో మగ్విన్యాలు తెచ్చి, బల్ల మీద పరుచుకుని తింటూ ఉత్తరం చదివాడు.

“చెల్లీ, ఈ పిండిబొండా మీద ఒట్టేసి చెప్తున్నా. నువ్వు వెళ్లకపోతే నీ గౌను వేసుకుని నేను వెళ్తా.”

“ఇది ఉద్యోగం కాదు ఓతెంగ్, నోటికి వేసే బీగం.”

“బీగమే. కానీ బంగారు బీగం కదే!”

సెథున్యకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లూ మండింది. అతను అన్నది తనూ అనుకుంటున్నదే కావడమే ఆ మంటకు కారణం.

అప్పుడే దికెలెడి మెట్లెక్కి వచ్చింది. పేక పంచే అమ్మాయి, కాసినోలో డీలరు. పొడుగ్గా, నిటారుగా ఉంటుంది. కుర్చీలో కూర్చున్నా నిలబడి పంచుతున్నట్టే ఉంటుంది. నెలరోజులుగా పని లేదు. కాసినో ఆమెను తీసేసి ఊరుకోలేదు, ఆమె లైసెన్సు రద్దు చెయ్యమని మండలికి రాసింది. ఆ లైసెన్సు పోతే ఈ దేశంలో ఏ కాసినోలోనూ పంచలేదు, ఏ పందేల దుకాణంలోనూ కౌంటరు దగ్గర కూర్చోలేదు. దొంగ అన్న ముద్రతో పక్కదేశంలోనూ ఎవరూ రానివ్వరు. ఆమెకు వచ్చిన పని అదొక్కటే.

“మళ్లీ ఒకసారి చేసి చూపించు,” అంది సెథున్య.

ఓతెంగ్ కాగితం ఎత్తి బల్ల ఖాళీ చేశాడు. దికెలెడి బల్లకు ఇవతల నిలబడింది. సీసా మూతలే పందెం బిళ్లలు. వాటిని ఒక దొంతి పేర్చి, బొటనవేలితో తోసి సరిసమానంగా విడగొట్టి, మళ్లీ కలిపింది. చూపు ఎదుటి మనిషి మీదే ఉంది, వేళ్లు మాత్రం వాటి దారిన అవి పోతున్నాయి. ప్రతిసారీ బల్ల వదిలేముందు రెండు అరచేతులూ ఒకసారి చప్పుడయ్యేలా తట్టి, పైకి తిప్పి చూపించింది.

“అదేంటి, చప్పట్లెందుకు?” అన్నాడు ఓతెంగ్.

“పైన కెమెరా ఉంటుందన్నా. చేతిలో ఏమీ లేదని దానికి చూపించాలి. ముక్కు దురద పెట్టినా సరే, ముందు ఇలా చూపించి, ఆ తర్వాతే గోక్కోవాలి. మా ఒంటిని మేం ఊరికే ముట్టుకోకూడదు. జేబులు కుట్టేసి ఉంటాయి.” ఆమె సిగ్గుగా నవ్వింది. “ఇంట్లో అన్నం తిని లేచినా నా చేతులు ఇలాగే తట్టుకుంటాయి. మా అమ్మ తిడుతుంది.”

“ఆరోజు?” అంది సెథున్య.

దికెలెడి నవ్వు ఆగిపోయింది. ఆరోజు ఒక ముసలాయన బల్ల దగ్గరకొచ్చాడు. పాత కోటు, చేతిలో టోపీ. డబ్బును బల్ల మీద పెట్టాలి, డీలరు అక్కడినుంచి తీసుకోవాలి, అదీ పద్ధతి. ఆయనకు తెలియదు. నోటు ఆమె చేతికే అందించాడు. ఆమె కుడిచెయ్యి చాచి, ఎడమచెయ్యి మోచేతి కింద పెట్టి, మోకాళ్లు కాస్త వంచి తీసుకుంది.

పైనుంచి చూసే కెమెరాకు మోకాళ్లు కనిపించవు. తలవంచడం కనిపించదు. ఎడమచెయ్యి బల్ల మీంచి లేచి కుడి చొక్కాచేతి దగ్గరకు పోవడం ఒక్కటే కనిపించింది. ఆ పూట ఆ బల్ల దగ్గర ఒక బిళ్ల తక్కువొచ్చింది. కెమెరా గది పెద్ద వెర్నన్ అనే విదేశీయుడు. వచ్చి మూడు నెలలు. ఆ బొమ్మ చూసి, బిళ్లను చొక్కాచేతిలోకి తోసిందని తేల్చేశాడు.

“నువ్వు అంతకుముందెప్పుడూ అలా తీసుకోలేదా?”

“లేదక్కా. శిక్షణలో అదే కదా మొదట మాన్పిస్తారు.”

“మరి ఆరోజే ఎందుకు చేశావు? మొథుసి అడగబోయేది అదొక్కటే.”

దికెలెడి సీసా మూతలను మళ్లీ దొంతి పేర్చింది. “తెలీదక్కా. చేశానని కూడా నాకు తెలీదు. వాళ్లు బొమ్మ చూపిస్తే అప్పుడు చూసుకున్నా.”

అది వకీలుకు పనికొచ్చే జవాబు కాదు. ఓతెంగ్ ఇంకో మగ్విన్యా తీసుకుని, తినకుండా పట్టుకుని కూర్చున్నాడు.

ఆదివారం సెథున్య ఆ ముసలాయన నంబరు సంపాదించి ఫోను చేసింది. కన్యే దగ్గర పల్లె ఆయనది. అవతల ఆవు మెడ గంటలు వినిపిస్తున్నాయి.

“నేను చర్చి పెద్దనమ్మా,” అన్నాడాయన గొంతు తగ్గించి. “ఆరోజు దూడలకు మందు కొందామని వచ్చా. మేనల్లుడు లోపలికి లాక్కెళ్లాడు. నన్ను నలుగురి ముందుకీ లాగకు, నీకు పుణ్యముంటుంది.”

“తాతా, ఆ అమ్మాయి బతుకు పోతుంది.”

అవతల ఆయన ఒక దూడను అదిలించాడు.

“మంచి పిల్లే. ఎవరి బిడ్డో గానీ చక్కగా పెంచారు. పెద్దవాడినని చూసి మోచేతి కింద చెయ్యి పెట్టి తీసుకుంది,” అన్నాడు, ఫోను పెట్టేశాడు. ఎన్నిసార్లు చేసినా మళ్లీ ఎత్తలేదు.

సోమవారం వచ్చింది. సెథున్య కాసినోకి వెళ్లలేదు. అదేదో గొప్ప నిర్ణయం కాదు. పొద్దున లేచి, కోంబీ వ్యాను ఎక్కి, మామూలు స్టాపులో దిగి, మామూలు మెట్లెక్కింది, అంతే. పదింటికి మొథుసి ఫోను చేస్తే, “రేపు కలుద్దాం,” అంది. కవరు సంచిలోనే ఉంది. తిరిగివ్వాలనుకుంది, ఇవ్వలేదు. అందులో ఉన్న జీతం మీద ఆశ ఇంకా చావలేదు, ఆ సంగతి దాచుకుని ప్రయోజనం లేదు.

*

మండలి గది మరీ పెద్దదేం కాదు. ముందు ఎత్తు బల్ల వెనక ముగ్గురు. నడుమ అధ్యక్షురాలు బసెత్సానా, జుట్టు ముగ్గుబుట్టలా నెరిసిన మనిషి, పూర్వం మేజిస్ట్రేటు. నవ్వదు, గొంతు పెంచదు. బయట అక్టోబరు ఎండ పెళ్లుమంటోంది. లోపల ఫ్యాను తిరుగుతున్నా కాగితాలు కదలడం లేదు. విచారణ అంతా రికార్డు చేసేందుకు మూల గోడకు ఒక కెమెరా, పక్కన తెర.

ముందు కాసినో బొమ్మ వేశారు. పచ్చటి బల్ల, పైనుంచి. ముసలాయన టోపీ. నోటు. దికెలెడి ఎడమచెయ్యి లేచింది, కుడి చొక్కాచేతి మీద వాలింది, దిగింది. వెర్నన్ అక్కడ ఆపించి, కర్రతో చూపించాడు. మళ్లీ వేశారు. మళ్లీ. నాలుగోసారికి చూస్తున్నవాళ్లకు ఆ చేతిలో నిజంగానే బిళ్ల ఉన్నట్టు అనిపించసాగింది. దికెలెడి తన చేతులను ఒళ్లో ఒకదాని కింద ఒకటి దాచుకుంది.

మొథుసి లేచాడు. బాగా మాట్లాడతాడు, అది ఒప్పుకోవాలి.

“అమ్మా, నా చెల్లెలు లాంటి వకీలు సెథున్య ఏమంటుందో నాకు తెలుసు. ఇది మర్యాద అంటుంది, మన ఆచారం అంటుంది. నేనూ మోత్స్వానానే, ఈ నేలవాడినే. మా అమ్మ కూడా నాకు మొట్టికాయలు వేసే నేర్పింది. కానీ ఈమె ఇంట్లో లేదు, బల్ల దగ్గర ఉంది. వీళ్లకు చేతులు ఎలా పెట్టాలో నెలల తరబడి నేర్పిస్తాం. ఆ పద్ధతులకు అనుమతి ఇచ్చింది ఈ మండలే. చదువుకున్న చెయ్యి, శిక్షణ పొందిన చెయ్యి, యజమానికి తెలియకుండా దానంతటది లేవదు. లేచిందంటే పనుండే లేచింది. ఇన్నేళ్లలో ఒక్కసారీ చూపించని మర్యాద, బిళ్ల పోయిన పూటే ఎందుకు గుర్తొచ్చింది?”

సభ్యుల్లో ఒకాయన తల ఊపాడు. ఆ ప్రశ్నను సెథున్య పక్కన పెట్టింది. బల్ల దగ్గర బిళ్లలు ఎక్కువతక్కువలు రావడం మామూలేనని వాదించింది. చొక్కాచేతులు మణికట్టు దగ్గర బిగించి ఉంటాయని చెప్పింది. ముసలాయన రానన్నాడని కూడా చెప్పాల్సి వచ్చింది. చెప్తుంటే తన మాటలే తనకు చప్పగా వినిపించాయి.

“ఆపిన బొమ్మ ఫోటో ఒకసారి ఇటివ్వండి,” అంది అధ్యక్షురాలు.

ఇచ్చారు. ఆమె కళ్లద్దాలు ఎత్తి, దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఫోటోను మొథుసికి అందించింది. “తీసుకో నాయనా.”

మొథుసి గబగబా ముందుకొచ్చాడు. కుడిచెయ్యి చాచాడు. ఎడమచెయ్యి లేచి, బంగారు బొత్తాము మీదుగా వెళ్లి, కుడి మోచేతి కింద ఆగింది. మోకాళ్లు కాస్త వంగాయి. “ధన్యవాదాలమ్మా,” అన్నాడు.

సెథున్య లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడిపోయింది, పట్టించుకోలేదు.

“అమ్మా, మొథుసి గారిని అలాగే ఉండమనండి! కదలొద్దనండి!”

మొథుసి నిజంగానే కదలకుండా నిలబడిపోయాడు.

“ఏం దాచారండీ చొక్కాచేతిలో?” అంది సెథున్య.

“ఏంటి?”

“మీ ఎడమచెయ్యి ఎక్కడుందో చూసుకోండి. చదువుకున్న చెయ్యి కదా. లండన్‌లో చదివిన చెయ్యి! మొన్న నాకు కవరిచ్చినప్పుడు లేవలేదే, ఇప్పుడెందుకు లేచింది? పనుండే లేచిందా?”

వెనక బెంచీల మీద ఎవరో కిసుక్కుమన్నారు. మొథుసి మోచేతి కింద ఉన్న చేతిని నిప్పు తగిలినట్టు లాక్కున్నాడు. వెర్నన్ ఒక్కడే అటూ ఇటూ చూస్తున్నాడు. అక్కడ ఏం జరిగిందో గదిలో అతనికి తప్ప అందరికీ అర్థమైంది.

“రికార్డయింది కదా అమ్మా, ఆ కెమెరాలో. అది కూడా తెర మీద వెయ్యమని నా మనవి,” అంది సెథున్య. “నాలుగుసార్లు వెయ్యమని మనవి.”

వేశారు. ఒక్కసారే వేశారు, అది చాలింది. పైమూల నుంచి చూస్తే మొథుసి చెయ్యి అచ్చం దొంగచెయ్యిలాగే ఉంది.

అధ్యక్షురాలు నవ్వలేదు. తెర వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత దికెలెడిని పేరు పెట్టి పిలిచింది.

“అమ్మాయ్, వకీళ్లను వదిలెయ్. నువ్వు చెప్పు. అన్నేళ్లుగా మానుకున్న అలవాటు ఆరోజే ఎందుకొచ్చింది?”

దికెలెడి లేచింది. జవాబు లేదని శనివారమే చెప్పిన అమ్మాయి.

“రోజూ వందలమంది వస్తారమ్మా,” అంది దికెలెడి మెల్లగా. “డబ్బు బల్ల మీద పడేస్తారు. అది తప్పు కాదు, పద్ధతే అది. కొందరు విసురుతారు, కొందరు వేలితో తోస్తారు. నేను ఏరుకుంటా. ఆ తాత పడెయ్యలేదు. నాకు ఇచ్చాడు. అన్నేళ్లలో నా చేతికి డబ్బు ఇచ్చినవాడు ఆయనొక్కడే. ఇచ్చినప్పుడు ఇంకెలా తీసుకోవాలో నాకు రాదమ్మా.”

ఇందాక తల ఊపిన సభ్యుడు కిందికి చూస్తూ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అవి ముందే శుభ్రంగా ఉన్నాయి.

తీర్పు భోజనాల తర్వాత చెప్పారు, చిన్నది. డబ్బు చేత్తో అందుకోవడం పద్ధతికి విరుద్ధం కాబట్టి ఒక హెచ్చరిక. దొంగతనానికి ఆధారం లేదు. లైసెన్సు ఉంటుంది. కెమెరా గదిలో కూర్చునేవాళ్లు తాము చూస్తున్న మనుషుల అలవాట్లు ముందు తెలుసుకోవాలని కూడా అధ్యక్షురాలు ఒక మాట చేర్చింది. ఆ మాట చదివేటప్పుడు మాత్రం ఆమె పెదవి చివర ఏదో కదిలింది.

*

నడవాలో మొథుసి ఎదురొచ్చాడు. మొహంలో నెత్తురు తిరిగి వచ్చింది. నవ్వు కూడా తెచ్చుకున్నాడు. అందుకే పెద్దవాళ్లు అతన్ని పనిలో పెట్టుకుంటారు.

“బాగా గాలి తీశావే! ఏడాదిపాటు నన్ను చూసి నవ్వుతారు ఊళ్లో,” అన్నాడు. “పోనీలే. ఇలాంటిదానివి కాబట్టే మాకు కావాలి. కవరు నీ దగ్గరే ఉందిగా? ఇటివ్వు, జీతం కొట్టేసి పెంచి రాస్తా. ఇప్పుడైతే కేసు అడ్డం కూడా లేదు.”

అది నిజమే. ఇప్పుడు ఏ అడ్డమూ లేదు. ఎవరూ వేలెత్తి చూపరు. ఓతెంగ్ అయితే ఎగిరి గంతేస్తాడు. సెథున్య సంచిలో చెయ్యి పెట్టి కవరు తీసింది. ఒక మూల మగ్విన్యా నూనె అంటింది.

“నన్ను తీసుకుంటే రేపు ఇంకో దికెలెడి వచ్చినప్పుడు ఈ గదిలో మీ వైపు నిలబడి నేనేం అడగాలి? చొక్కాచేతిలో ఏం దాచావనా?”

“ఉద్యోగమన్నాక…”

“అక్కడ మీరున్నారు, వెర్నన్ ఉన్నాడు, వెనకాల అంత పెద్ద ఆఫీసుంది. ఇవతల వైపు ఎవరున్నారు? చట్టం నాకూ వచ్చు మొథుసి గారూ. కాసినో చట్టం నేర్చినవాళ్లంతా కాసినోలోనే కూర్చోవాలని ఎక్కడుంది? మా బోర్డు మీద ఇప్పుడు విడాకులు, బెయిళ్లు అనుంది. రేపు దాని కింద కాసినో చట్టం అని కూడా రాయిస్తా. మీరే అన్నారుగా, మనుషులు లేరని.”

“బోర్డు రాయిస్తే అన్నం పుడుతుందా?”

“పుట్టకపోతే పస్తుంటా. మీకేం?”

కవరు అతని వైపు పట్టింది. మొథుసి ఈసారి రెండు చేతులూ ముందుకు పెట్టాడు. పొద్దున తగిలిన దెబ్బ వల్లనో, పక్కన జనం చూస్తున్నందుకో. సెథున్య కుడిచెయ్యి సంచి పట్టుకునే ఉంది, ఎడమచెయ్యి ఒక్కటే ముందుకొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరికీ ఏదీ ఎడంచేత్తో ఇవ్వలేదు. కవరు చివర రెండు వేళ్లతో పట్టుకుని అతని అరచేతుల్లో పడేసింది. అతను ఆ ఎడమచేతి వైపు చూశాడు. అదేమిటో అతనికి ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. కవరు జేబులో కుక్కుకుని వెళ్లిపోయాడు.

మెట్ల దగ్గర దికెలెడి పరుగెత్తుకొచ్చింది. “ఏమన్నాడక్కా? కవరేంటి? ఏమిచ్చావు ఆయనకి?”

సెథున్య నడవా పైకప్పు వైపు చూసింది. అక్కడా ఒక నల్లటి కెమెరా ఉంది. సంచి భుజానికి తగిలించుకుని, రెండు అరచేతులూ చప్పుడయ్యేలా ఒకసారి తట్టి, పైకి తిప్పి దానికి చూపించింది.